మా పెరటి వెనక మౌనా కేయా

హీలోలో ఉన్నన్నాళ్ళూ ఇంటినుంచి ఫోను చేసిన ప్రతివాళ్ళూ ముందు వాన గురించే అడిగేవారు. అడగరూ మరి! హవాయి దీవులన్నిటిలోకీ పెద్ద దీవికి తూర్పు ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల పైచిలుకు వాన. కోనసీమలో పుట్టి పెరిగినదాన్ని, వాన నాకేం కొత్త కాదు. కానీ మా వైపు వాన వచ్చి పోతుంది, అక్కడ కాపురం పెడుతుంది. ఉతికిన బట్టలు ఆరవు. బియ్యం డబ్బా మూతకి, తోలు చెప్పులకి, ఆఖరికి మా పెళ్ళి ఆల్బం అట్టకి కూడా బూజే.

2013లో మా ఆయనకి మౌనా కేయా కొండ మీద ఒక టెలిస్కోపులో పరికరాలు చూసుకునే ఉద్యోగం వచ్చి అక్కడికి వెళ్ళాం. కౌమానా రోడ్డు మీద, ఊరు అయిపోయి వాలు మొదలయ్యే చోట ఒక చెక్క ఇల్లు అద్దెకి తీసుకున్నాం. పైన రేకులు. వాన పడుతుంటే పక్కగదిలో మనిషి మాట వినబడేది కాదు. "ఇంతకీ కొండెక్కడండీ?" అనడిగితే పెరట్లోకి తీసుకెళ్ళి మబ్బు చూపించారు. మర్నాడూ మబ్బే. ఆ తర్వాతా మబ్బే. ఈయన రోజూ పొద్దున్నే జీపెక్కి ఆ మబ్బులోకి వెళ్ళిపోవడం, చీకటి పడ్డాక అందులోంచి ఊడిపడడం. ఉద్యోగం అంటే నమ్మడమే తప్ప చూసింది లేదు.

కనబడిన రోజు మాత్రం ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. నీళ్ళు తాగుదామని వంటింట్లోకి వచ్చి కిటికీలోంచి చూస్తే కొబ్బరిచెట్లు, వాటి వెనక అరటి బోదెలు, వాటి వెనక సగం ఆకాశాన్ని ఆక్రమించి ఏదో పడుకుని ఉంది. నిటారుగా లేదు, కొమ్ములు తిరిగి లేదు. చాలా దూరంనుంచి నింపాదిగా లేచి, చాలా దూరం దాకా నింపాదిగా దిగిపోతున్న వాలు. శిఖరం మీద బియ్యపు గింజలంతేసి తెల్లటి గుమ్మటాలు, మా ఆయన ఆఫీసుతో సహా. ఈయన్ని లేపుకొచ్చి చూపిస్తే, "ఊఁ, అదే" అని మళ్ళీ వెళ్ళి పడుకున్నారు. ఎండ ఎక్కేసరికి మబ్బు మూసేసింది.

దాని మర్మం తర్వాత తెలిసింది. ఈశాన్యంనుంచి వీచే గాలులు సముద్రం మీది తేమ మోసుకొచ్చి కొండకి కొట్టుకుంటాయి. తేమ పైకి లేస్తుంది గానీ, రెండు వేల మీటర్లు దాటిన చోట వెచ్చటి పొడిగాలి పొర ఒకటి అడ్డం పడుతుంది. దాన్ని దాటలేక అక్కడే మబ్బై, ఆ మబ్బంతా హీలో నెత్తిన కురుస్తుంది. 4,207 మీటర్ల శిఖరం ఆ పొరకి చాలా పైన ఉంటుంది. కింద మేం గొడుగులు పట్టుకు తిరుగుతుంటే పైన ఎడారి, చుక్కలు. టెలిస్కోపులన్నీ అక్కడ చేరడానికి కారణం అదే. సముద్రపు అడుగునుంచి కొలిస్తే ఈ కొండ పది వేల మీటర్లు దాటుతుంది, ఎవరెస్టు దీని ముందు పొట్టిది. ఈ ముక్క మా ఆయన కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవారు. ఒకసారి ఫోనులో మా నాన్నకి చెబితే, "నీళ్ళల్లో ఉన్నది ఎత్తెలా అవుతుంది అల్లుడుగారూ, లోతవుతుంది గానీ" అన్నారు. ఆ దెబ్బకి కొన్నాళ్ళు ఊరుకున్నారు.

ఈయన ఉస్మానియాలో ఖగోళశాస్త్రం చదివారు. హైదరాబాదు బయట జపాల్-రంగాపూర్‌లో వాళ్ళకి 48 అంగుళాల టెలిస్కోపు ఉంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచి పరిశీలించారని గొప్పగా చెప్పేవారు. ఈయన చదువుకునేనాటికి సిటీ వెలుతురు ఆ వైపు ఆకాశాన్ని మింగడం మొదలుపెట్టిందట. అందుకేనేమో, హీలోలో ఆయన మొదట ముచ్చటపడింది కొండని చూసి కాదు, వీధి దీపాలని చూసి. టెలిస్కోపులకి ఇబ్బంది కలగకుండా దీవి మొత్తానికీ చట్టం చేసి సోడియం దీపాలు పెట్టారు. ఒట్టి పసుపు వెలుతురు. ఆ వెలుతురులో నా ఎర్ర చీరకీ ఆకుపచ్చ చీరకీ తేడా తెలిసేది కాదు, రెండూ బురదరంగే. పార్కింగులో మన కారు ఏదో పోల్చుకోవాలంటే నంబరు చూసుకోవాల్సిందే. ఒక ఊరు ఊరంతా చుక్కల కోసం రంగులు వదులుకుందన్నమాట! నాకది చిరాగ్గా ఉండేది, ఆయనకి సంబరంగా ఉండేది.

ఆ టెలిస్కోపులు హీలోకి ఎలా వచ్చాయో తెలిసింది మాత్రం పక్కింటి ఆంటీ వల్ల. అక్కడ పెద్దవాళ్ళందరినీ ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, చుట్టరికం ఉన్నా లేకపోయినా. ఈవిడ తల్లి వైపు హవాయి వాళ్ళు, తండ్రి వైపు చెరకు తోటల్లో పనికి వచ్చిన జపాను వాళ్ళు. సముద్రం ఒడ్డున కమేహమేహా రోడ్డు పక్కన ఒక ఆకుపచ్చ స్తంభం మీద గడియారం ఉంటుంది, ఎప్పుడు చూసినా 1:04 చూపిస్తూ. బాగు చేయించరేం అని నేనడిగితే ఆవిడ నా వైపు ఒక క్షణం చూసి, "దాన్ని బాగు చెయ్యరు" అంది. 1960 మే 23 రాత్రి ఒంటిగంట దాటాక చిలీ భూకంపం పంపించిన సునామీ వచ్చి హీలోలో 61 మందిని తీసుకుపోయింది. అప్పుడు ఆగిన గడియారం అది. నీళ్ళు లాగేసిన వీధుల్లో మళ్ళీ ఇళ్ళు కట్టలేదు, గడ్డి మైదానాలుగా వదిలేశారు.

ఊరు కుదేలైంది. ఏదో ఒక బతుకుతెరువు కావాలని అక్కడి వాణిజ్య మండలి వాళ్ళు, మా కొండ మీద టెలిస్కోపు పెట్టుకోండంటూ అమెరికా, జపాను యూనివర్సిటీలకి ఉత్తరాలు రాశారు. జెరార్డ్ కైపర్ అనే ఖగోళవేత్త స్పందించాడు. 1964లో బుల్డోజరుతో శిఖరానికి బాట తీసి, ఒక చిన్న టెలిస్కోపు పెట్టి చూస్తే అంత నిశ్చలమైన ఆకాశం ఇంకెక్కడా లేదన్నాడు. ఇక ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1970లో హవాయి యూనివర్సిటీది, 1979లో ఒకేసారి మూడు, తొంభైల్లో కెక్ జంట, చివర్లో జపాను వాళ్ళ సుబారు. మేం వెళ్ళేనాటికి కొండ మీద పదమూడు. ఆంటీ చిన్నప్పుడు ఇంట్లో, ఆ పైకి పనిలేకుండా వెళ్ళకూడదు అనేవారట. ఆవిడ మేనల్లుడు మాత్రం అక్కడే ఒక టెలిస్కోపులో మెకానిక్కు. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళు అంతే.

నేను మొదటిసారి పైకి వెళ్ళినప్పుడు దారిలో హాలే పోహాకు దగ్గర ఆపారు. 2,800 మీటర్ల ఎత్తు. అక్కడ కనీసం అరగంట కూర్చుని ఒంటికి అలవాటు చేసుకోకుండా పైకి పోకూడదు. ఆ కేంద్రానికి ఎలిసన్ ఒనిజుకా పేరు పెట్టారు. ఈ దీవిలోనే కోనా వైపు పుట్టి, 1986లో ఛాలెంజర్‌లో పోయిన వ్యోమగామి. అక్కణ్ణించి పైకి కంకర రోడ్డు, ఫోర్ వీల్ బండి కావాలి. శిఖరం దగ్గర మళ్ళీ తారు వేశారు, దుమ్ము లేచి అద్దాల మీద పడకుండా. ఎర్రమట్టి దిబ్బలు, బూడిద గుట్టలు, ఒక్క గడ్డిపోచ లేదు. ఒళ్ళో పెట్టుకున్న జంతికల ప్యాకెట్టు ఉబ్బి ఉబ్బి పగిలిపోతుందేమో అన్నట్టయింది. పైన గాలి ఒత్తిడి కింద ఉన్నదాంట్లో 60 శాతమే. నీళ్ళు 86 డిగ్రీలకే మరిగిపోతాయి. అందుకే ఆయన ఫ్లాస్కులో టీ ఇంటినుంచే పట్టుకెళ్ళేవారు, పైన కాచిన టీకి రంగు తప్ప రుచి ఉండదని. నేను కారు దిగి గట్టిగా నాలుగడుగులు వేసేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంది. ఇద్దరం ఏదో మాట్లాడుకున్నాం గానీ కిందికి వచ్చాక ఏం మాట్లాడుకున్నామో ఇద్దరికీ గుర్తు లేదు. ఆ ఎత్తులో బుర్ర అంతేనట. తప్పు తీగ పీకకుండా ప్రతి పనీ పైకి చదువుకుంటూ చేస్తాం అని ఆయన చెబితే అప్పటిదాకా నవ్వులాట అనుకున్నాను.

ఆ గుట్టల్లో వెకియు అనే పురుగు ఉంటుంది. గోరంత కూడా ఉండదు. దాని రక్తం చలికి గడ్డకట్టదు. కిందనుంచి గాలికి కొట్టుకొచ్చి చచ్చే పురుగుల్ని పీల్చుకుని బతుకుతుంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అంతటి చోట కూడా సంసారం నడుపుకొస్తున్న ఆ పురుగంటే నాకెందుకో గౌరవం.

తర్వాత కడుపుతో ఉన్నానని తెలిసింది. గర్భిణులు, చిన్నపిల్లలు హాలే పోహాకు దాటి వెళ్ళొద్దంటారు, ప్రాణవాయువు చాలదని. వారాంతాల్లో ఆయనకి పని పడితే తోడు వెళ్ళి నేను అక్కడే దిగిపోయేదాన్ని. చుట్టూ మామనే చెట్లు, పసుపుపచ్చ పూలు. కంచె వేసి కాపాడుతున్న వెండిరంగు ఆకుల మొక్కలు, అవి ఏళ్ళ తరబడి పెరిగి ఒక్కసారి పూచి చచ్చిపోతాయి. మామనే కాయలు తిని బతికే పాలీలా అనే పిట్ట ఉంది. తెల్లోళ్ళు తెచ్చి వదిలిన మేకలు, గొర్రెలు ఆ చెట్లని తినేస్తుంటే, 1978లో ఆ పిట్ట పేరు మీదే ప్రభుత్వం మీద దావా వేశారు. పిట్టే వాది! గెలిచింది కూడా. కోర్టుకెక్కి గెలిచిన పిట్టని చూద్దామని ఎంతసేపు మెడ ఎత్తి కూర్చున్నా నాకు ఒక్కసారీ కనబడలేదు.

పురిటికి మా అత్తయ్య గారు వచ్చారు. అమలాపురం దాటి హైదరాబాదు తప్ప చూడని మనిషి, ఒంటరిగా మూడు విమానాలు మారి దిగారు. ఒక పొద్దున్న పెరట్లోంచి కేక: "ఇదేవిటే అమ్మాయ్, కొబ్బరిచెట్ల వెనకాల మంచు!" రాత్రి పైన మంచు పడింది. ఊళ్ళో కుర్రాళ్ళు ట్రక్కులేసుకుని వెళ్ళి, మంచు పారలతో ఎత్తి నింపుకొచ్చి, సముద్రపొడ్డున ఇసకలో మంచు బొమ్మలు చేస్తారు. అదీ చూపించాం ఆవిడకి. మంచు దేవత పోలియాహు ఆ కొండ మీద ఉంటుందని, పక్కన కీలావెయాలో నిప్పుల దేవత పేలే ఉంటుందని, ఇద్దరికీ పడదని ఆంటీ చెప్పిన కథ నేను తెలుగులో చెప్పాను. "తోడికోడళ్ళా?" అన్నారు అత్తయ్య. కాదండీ అన్నా నమ్మలేదు.

భాష లేకుండానే ఆవిడకీ ఆంటీకీ స్నేహం కుదిరింది. మధ్యలో ఉన్నది చేమ. ఆంటీ పెరట్లో చేమ మడి ఉండేది. వాళ్ళకి అదే అన్నం, దుంప ఉడికించి నూరి అంబలిలా తింటారు. ఆకుల్ని దురద పోయేదాకా గంటల తరబడి ఉడికిస్తారు. అత్తయ్య అది చూసి, చేత్తోనే ఆగమని చెప్పి, ఇంట్లోంచి చింతపండు తెచ్చి పులుసులో వేసి చూపించారు. ఆంటీ ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, కళ్ళు పెద్దవి చేసి, గిన్నె ముందుకు లాక్కుంది.

పాప పుట్టాక ఒకరోజు ఆంటీ చూడ్డానికి వచ్చి, కాసేపు ఎత్తుకుని, నెమ్మదిగా అడిగింది: "బొడ్డు ఏం చేశారు?" అత్తయ్య బీరువా తీసి వెండి తాయెత్తు చూపించారు. ఎండిన బొడ్డు అందులో పెట్టి, మొలతాడుకి కట్టడానికి ఇండియానుంచి రాగానే తెచ్చుకున్నారు. ఆంటీ దాన్ని వేలితో ముట్టుకుని, తమ ఇళ్ళల్లో బిడ్డ బొడ్డు కొండ మీదికి, వైయావు చెరువుకి తీసుకెళ్ళి వదిలేవారని చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ బొడ్డు అక్కడే ఉందట. నేను తెలుగులో చెప్పగానే అత్తయ్య తాయెత్తు కళ్ళకద్దుకుని, "అయితే అది వాళ్ళకి పుట్టిల్లన్నమాట" అన్నారు. ఆయన ఆ గదిలోనే లాప్‌టాప్ ముందున్నారు, తలెత్తలేదు. విన్నారని మాత్రం నాకు తెలుసు.

కాస్త తేరుకున్నాక, పాపని అత్తయ్యకి అప్పగించి ఆ చెరువు చూసి వచ్చాను. బండి ఆపినచోటునుంచి కొంత దూరం నడవాలి. మామూలుగా అయితే నడకే కాదు, నాకు మాత్రం పది అడుగులకోసారి ఆగాల్సి వచ్చింది. 3,970 మీటర్ల మీద, బూడిద దిబ్బల నడుమ ఆకుపచ్చటి నీళ్ళు. మా ఊళ్ళో అయితే చెరువనరు, గుంట అంటారు. 2013లో అది దాదాపు ఎండిపోయి మోకాలి లోతు కూడా లేకుండా పోయిందని ఆంటీ బెంగపడేది. నేను వెళ్ళేటప్పటికి మళ్ళీ నిండింది. ఒడ్డున ఎవరో ఆకులో చుట్టి పెట్టిన రాయి ఉంది. చెప్పులు విప్పుదామనుకున్నాను గానీ ఆ చలికి ధైర్యం చాలలేదు. తిరుమల మెట్లు వట్టికాళ్ళతో ఎక్కినదాన్ని, అక్కడ బూట్లతో నిలబడే దణ్ణం పెట్టాను.

ముప్పై మీటర్ల టెలిస్కోపు గొడవ అప్పటికే రాజుకుంది. 492 అద్దాల ముక్కలు కలిపి ఒకే అద్దంగా చేసే పథకం. అమెరికా, జపాను, కెనడా, చైనాలతోపాటు మన దేశమూ భాగస్వామి, కొన్ని ముక్కలకి బెంగళూరు దగ్గర హోస్కోటెలో మెరుగు పెట్టాలన్నది ఏర్పాటు. 2014 అక్టోబరులో శంకుస్థాపన జరుగుతుండగానే, ఆ కొండని పవిత్రంగా చూసుకునే హవాయి వాళ్ళు అడ్డుకున్నారు. 2015 ఏప్రిల్లో అరెస్టులు, డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు అనుమతి రద్దు, 2018లో మళ్ళీ అనుమతి. 2019 జులైలో యంత్రాలు ఎక్కిస్తామనగానే కొండ రోడ్డు మొదట్లో పూహులుహులు దగ్గర వేలమంది చేరారు. రోడ్డుకడ్డంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నది ముసలివాళ్ళు. జులై 17న పోలీసులు వాళ్ళని పట్టుకెళ్ళారు. నడవలేనివాళ్ళని మోసుకెళ్ళారు. టీవీలో అది చూస్తున్నప్పుడు ఆంటీ అందులో ఉందేమోనని నేను తెర దగ్గరికి వెళ్ళి వెతికాను.

లేదు, ఆవిడ వంటల దగ్గర ఉంది. ఆ శిబిరంలో వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా భోజనం, రోజుకి మూడుసార్లు పాట, ఆట, ప్రార్థన. టెలిస్కోపుల వాళ్ళందరూ కిందికి దిగిపోయారు. దాదాపు నాలుగు వారాలు పైన ఎవరూ లేరు. మా ఆయన ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగారు. కొన్ని నెలల ముందే, ఏప్రిల్ 10న, కృష్ణబిలం మొదటి ఫోటో వచ్చినప్పుడు అందులో మౌనా కేయా మీది రెండు టెలిస్కోపుల పాలు ఉందని ఊరంతా పొంగిపోయింది. హీలో యూనివర్సిటీలో హవాయి భాష చెప్పే ప్రొఫెసరే, వాళ్ళ సృష్టిగాథలోంచి తీసి దానికి పోవేహి అని పేరు పెట్టారు. ఆ ఊరే ఇప్పుడు రెండుగా చీలింది. మేనల్లుడికి పైన ఉద్యోగం, మేనకోడలు శిబిరంలో, ఆదివారం ఇద్దరూ ఆంటీ ఇంట్లో ఒకే బల్ల దగ్గర భోజనం. అరుచుకోవడం వినబడుతుందేమోనని చెవులు రిక్కించేదాన్ని. వినబడింది ఒక్కసారే, అదీ ఫుట్‌బాల్ గురించి.

నేను పెద్ద గిన్నెతో పులిహోర కలిపి ఆంటీ బండిలో పెట్టాను. మా ఆయన చూస్తూనే ఉన్నారు. "అవతలి పార్టీకి పులిహోరా?" అన్నారు. "పార్టీ లేదు, ఆకలి ఉంది" అన్నాను. నిమ్మకాయలు పిండి పెట్టింది మాత్రం ఆయనే, నా చేయి నొప్పిగా ఉందని.

ఆ ఏడాది చివర శిబిరం సద్దుమణిగింది, యంత్రాలు పైకి వెళ్ళలేదు. 2020లో మేం తిరిగి వచ్చేశాం. ఇప్పటికీ అక్కడ ఆ టెలిస్కోపు కట్టలేదు. 2022లో కొండ వ్యవహారాలు చూసేందుకు హవాయి వాళ్ళకీ చోటున్న కొత్త సంస్థని చట్టం చేసి పెట్టారు. 2024లో అమెరికాలోని కాల్టెక్ యూనివర్సిటీ వాళ్ళ పాత టెలిస్కోపుని విప్పేసి, ఆ చోటు మళ్ళీ గుట్టలా సర్దేశారు. ఆ ఫోటో చూసి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు, దాంతో పనిచేసిన స్నేహితులున్నారు ఆయనకి. మా ఇంట్లో ఈ వాదన తెగదు. అంత మంచి ఆకాశం భూమ్మీద ఇంకెన్ని చోట్ల ఉంది, చూడకుండా వదిలేద్దామా అని ఆయన. అడక్కుండా పదమూడు కట్టారు, పద్నాలుగో దానికైనా ఇంటివాళ్ళు ఊఁ అనేదాకా ఆగాలి అని నేను. తాయెత్తు గొలుసు వేసుకున్న మా అమ్మాయి మాత్రం, మీరిద్దరూ అక్కడ పుట్టలేదుగా, ఊరుకోండి అంటుంది.

మొన్న ఆంటీ దగ్గర్నుంచి మెసేజి. పైన మంచు పడిందట, ఫోటో పెట్టింది. కింద ఇంకో ముక్క: ఆ పసుపు అన్నం చేద్దామనుకుంటున్నా, శనగపప్పు ముందు వెయ్యాలా, ఆవాలు ముందా? నేను టైపు చేసేలోపే ఆయన ఫోను లాక్కుని, శనగపప్పు ముందు, నిమ్మరసం పొయ్యి మీద మాత్రం పొయ్యొద్దు అని రాసేశారు.